మా రోజుల్లో: కందికట్టెలూ బఠాణీ తీగా

జూబ్లీహిల్స్‌లో ఇప్పుడు మొక్కలకు కొదవ లేదు, గింజ నాటే చెయ్యే కరువైంది. రోడ్ నంబర్ 36 నుంచి 45 దాకా ఏ వీధిలో నడిచినా ప్రహరీ మీదుగా పచ్చగా ఏదో ఒకటి తొంగిచూస్తూనే ఉంటుంది. బోగన్‌విల్లా, అరెకా పామ్, కత్తిరించి కత్తిరించి ఒకే ఎత్తున నిలబెట్టిన కంచె మొక్కలు. అన్నీ లారీలో వచ్చి దిగినవే. ఒక్కటీ ఆ ఇంట్లో మొలకెత్తింది కాదు. దాని మొదటి రెండాకులు ఎలా ఉంటాయో ఇంటివాళ్లెవరికీ తెలియదు. నెలకోసారి కాంట్రాక్టు మనుషులు వస్తారు. వాడిపోయిన కుండీ తీసుకెళ్లి, పూలున్న కుండీ పెట్టి పోతారు. దాన్ని తోట అని పిలుస్తున్నారు. నేను మాత్రం పిలవను.

మా రోజుల్లో ఈ గుట్ట మీద తోట పెట్టడమంటే ముందు మట్టిని తెచ్చుకోవడం. 1960లలో చల్లగళ్ల నరసింహం గారు గృహనిర్మాణ సహకార సంఘం పెట్టి ఇక్కడ ఇళ్ల స్థలాలకు దారి వేసినప్పుడు ఇదంతా బండలమయం. రెండువందల యాభై కోట్ల ఏళ్లనాటి గ్రానైట్ రాయి. దాని సందుల్లో సీతాఫలం చెట్లు, తుమ్మ, ముళ్లపొదలు, కాలు జారే మొరం. 1976లో అక్కినేని గారు పక్కనే బంజారాహిల్స్‌లో 22 ఎకరాల రాళ్లగుట్ట మీద అన్నపూర్ణ స్టూడియో తెరిచారంటే, మద్రాసు కోడంబాకంలో మా సినిమా ఆర్ట్ డిపార్ట్‌మెంట్ వాళ్లం నోరెళ్లబెట్టాం. అక్కడ మంచినీళ్లు దొరుకుతాయా అన్నదే అందరి ప్రశ్న. తర్వాత పరిశ్రమ మెల్లగా మద్రాసు వదిలి ఇటు కదిలింది, ఫిల్మ్‌నగర్ లేచింది, రామానాయుడు స్టూడియో వచ్చింది, మేమూ మూటాముల్లె సర్దుకుని వచ్చాం.

అప్పుడు ఇల్లు కట్టుకున్న ప్రతివాడూ రాయి తొలిపించాడు. మూరెడు లోతు గొయ్యి తీయించి, ట్రాక్టర్లతో ఎర్రమట్టి, చెరువు పూడికమట్టి తెప్పించి, పాలవాళ్ల కొట్టాల నుంచి మాగిన పేడ ఎరువు మోయించి పాదులు చేశాడు. ఆ మట్టికి అంత విలువుండేది కాబట్టి అందులో ఏం వేయాలన్న ఆలోచన కూడా గట్టిగానే ఉండేది. గడ్డి పెంచడానికి ఎవరూ మట్టి మోయించలేదు. కూరకు పనికొచ్చేది, పూజకు పనికొచ్చేది, నీడనిచ్చేది. ఈ మూడింటి తర్వాతే అందం. ఇప్పుడు అదే మట్టి మీద గ్రానైట్ పలకలు పరుస్తున్నారు. గుట్టను పగలగొట్టి తీసిన రాయి మళ్లీ పలకలై వచ్చి మట్టిని కప్పేస్తోంది. ఇంతకంటే బాధ కలిగించేది ఈ ప్రాంతంలో నాకు ఇంకోటి కనబడదు.

పెరట్లో పందిరి లేని ఇల్లు అప్పుడు లేదు. చిక్కుడు, బీర, పొట్ల, కాకర, ఆనప. వీటిలో చిక్కుడుది పెద్దపీట. ఆషాఢంలోనో శ్రావణంలోనో గింజ పెడితే, వానలంతా తీగ పాకుతూ పోయేది. పగళ్లు కురచ కావడం మొదలయ్యాకే పూత పట్టేది, ఎందుకంటే నాటు చిక్కుడు పూయడానికి పొద్దు తగ్గాలి. సంక్రాంతికి గుత్తులు గుత్తులుగా కాసేది. రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం నివేదన పెట్టేవాళ్లు. ఆ ఒక్క రోజు కోసమైనా ఇంట్లో చిక్కుడు పాదు ఉండాలన్నది మా అమ్మ పట్టుదల. ఆవిడ మద్రాసులో అద్దె ఇంటి మెట్ల కింద కూడా ఒక పాదు పెట్టింది. మొన్న రథసప్తమికి మా వీధిలో ఒక ఇంటికి చిక్కుడాకులు ప్లాస్టిక్ సంచీలో మోటారు సైకిలు మీద వచ్చాయి. ఫోన్‌లో ఆర్డరు పెట్టారట. ఆ ఇంటి ముందు పావెకరం లాన్ ఉంది.

మా వృత్తిలోనూ ఇదే జరిగింది. పల్లెటూరి ఇంటి సెట్ వేయాలంటే, షూటింగ్‌కు రెండు నెలల ముందే ఆర్ట్ డైరెక్టరు పిలిచి పందిరికి గింజలు పెట్టించేవారు. తీగ పాకిన తర్వాతే కెమెరా వచ్చేది. మా రోజుల్లో సెట్లో మొక్కకు నీళ్లు పోయడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు, అతనికి బేటా, అంటే రోజు భత్యం, కూడా ఉండేది. ఈమధ్య ఒక షూటింగ్ చూడటానికి పాతవాణ్ని కదా అని పిలిస్తే వెళ్లాను. బామ్మ చిక్కుడు పందిరి కింద కూర్చుని మనవడితో మాట్లాడే సన్నివేశం. పందిరంతా ప్లాస్టిక్ ఆకు. దానికి కాయలు కిందికి వేలాడేలా కట్టారు. చిక్కుడు పూలకంకి ఆకులమీదికి నిటారుగా లేస్తుంది, కాయలు ఆ కంకిని పట్టుకుని గుత్తిగా నిలుస్తాయి. ఆ మాట అక్కడ ఒక కుర్రాడితో చెప్పాను. "ఎవరు చూస్తారు సార్, వెనకాల బ్లర్ అయిపోతుంది" అన్నాడు. చూసేవాళ్లున్నారు నాయనా. పల్లెల్లో టిక్కెట్టు కొనే ప్రతి ఆడమనిషీ చూస్తుంది. ఆవిడ ఏమీ అనదు, కానీ ఆ బామ్మను నమ్మడం మానేస్తుంది.

ఇక బఠాణీ సంగతి. ఇది మా కాలపు పంట కాదని ముందే ఒప్పుకుంటాను. తెలుగు ఇంట్లో బఠాణీ అంటే ఎండు బఠాణీయే. రాత్రి నానబెట్టి పొద్దున కూరలో వేసేది, లేకపోతే బట్టీలో వేయించి పొట్లం కట్టి అమ్మేది. మద్రాసులో మెరీనా బీచ్‌లో కొబ్బరీ మామిడికాయ ముక్కలూ వేసి అమ్మే పట్టాణి సుండల్ తినని సినిమావాడు లేడు. వేషాల కోసం తిరిగే రోజుల్లో చాలామందికి అదే రాత్రి భోజనం. పచ్చి బఠాణీ చలికాలంలో ఉత్తరాది నుంచి, జబల్‌పూర్ లాంటి చోట్ల నుంచి బస్తాల్లో దిగేది. ఒలిచి గింజ తీసుకుని తొక్క పారేసేవాళ్లం, లేదా ఆవుకు పెట్టేవాళ్లం.

తొక్కతో సహా కరకరా నమిలి తినే బఠాణీ, అంటే ఇప్పుడు పిల్లలు స్నాప్ పీ అంటున్నది, 1979లో అమెరికాలో మార్కెట్‌కు వచ్చింది. ఐడహో రాష్ట్రంలో కాల్విన్ లాంబోర్న్ అనే ఆయన, చదునుగా ఉండే తొక్కబఠాణీకీ, మందమైన తొక్క ఉన్న మరో మొక్కకూ సంకరం చేసి ఏళ్ల తరబడి ఎంపిక చేసి తీశాడు. గుండ్రటి కాయ, మందమైన కండ, లోపల నమలలేని పొర ఉండదు. ఆ రకం పేరు షుగర్ స్నాప్. ఆ తీగ ఆరడుగులు సులువుగా పాకుతుంది. మన దేశంలో బెంగళూరు దగ్గరి హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ కూడా తొక్కతో తినే రకాలు విడుదల చేసింది. అర్క సంపూర్ణ, అర్క అపూర్వ అన్న పేర్లు అడిగితే విత్తనాలవాళ్లు చెబుతారు. కొత్తదని నేను దీన్ని తోసెయ్యను. తీగ మీద నుంచి కోసి అక్కడే కొరికితే వచ్చే తీపి నాకు ఏ కూరగాయలోనూ తెలియదు. బజారులో ఆ తీపి దొరకదు, ఎందుకంటే కోసిన గడియ నుంచీ బఠాణీలోని చక్కెర పిండిపదార్థంగా మారడం మొదలవుతుంది. అంచేత ఇది ఇంట్లో పండించుకునే తినవలసిన కాయ.

నా తగువు కాయతో కాదు, దాన్ని పెంచుతున్న తీరుతో. జూబ్లీహిల్స్‌లో పిల్లలు అమెరికాలో లేని ఇల్లు దాదాపు లేదు. న్యూజెర్సీలో ఉన్న కూతురు మార్చిలో మంచు కరగగానే బఠాణీ నాటుతుంది. ఫోటో పంపుతుంది. ఇక్కడ తల్లి ముచ్చటపడి అదే నెలలో అదే గింజ కుండీలో పెడుతుంది. ఇంగ్లీషు వీడియోల్లో కూడా వసంతం రాగానే నాటమని చెబుతారు. వాళ్ల వసంతం వేరు, మన వసంతం వేరు. మనకు ఉగాది వెళ్లేసరికి ఎండ నలభైకి చేరుతుంది. బఠాణీ పూత ముప్ఫై డిగ్రీలు దాటితేనే రాలడం మొదలుపెడుతుంది. తీగ జానెడు లేస్తుంది, ఆకు అంచులు మాడతాయి, పది రోజుల్లో పోతుంది. "మన నేలకు ఇది రాదండీ" అని తీర్మానం చేస్తారు. మా రోజుల్లో ఏ గింజ ఎప్పుడు పెట్టాలో కార్తె చూసి చెప్పే పెద్దవాళ్లు ఇంటికొకరుండేవాళ్లు. ఇప్పుడు వాళ్లను ఎవరూ అడగరు. ఫోన్‌ను అడుగుతారు, ఆ ఫోన్ వేరే దేశపు వాతావరణం చెబుతుంది.

హైదరాబాదులో బఠాణీకి అదును దసరా వానలు వెనకబట్టిన తర్వాత. అక్టోబరు మధ్య నుంచి నవంబరు మధ్య వరకు. తొందరపడి ముందే వేస్తే ఆఖరి వానలకు గింజ మట్టిలోనే కుళ్లుతుంది. 2020 అక్టోబరులో పడ్డ వాన గుర్తున్నవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. ఆలస్యం చేస్తే పూత ఎండల్లో పడుతుంది. సరైన వేళ పెడితే డిసెంబరు, జనవరి చలి మొత్తం తీగకు దక్కుతుంది. సంక్రాంతికి కాయ చేతికొస్తుంది, అంటే గింజ పడ్డాక అరవై, డెబ్భై రోజులకు.

గింజను రాత్రంతా నీళ్లలో వేయాలి, అంతకు మించి నానితే ఊపిరాడక చస్తుంది. వేలి కణుపంత లోతు, రెండు మూడంగుళాల ఎడం. నారు పోసి పీకి నాటే పంట కాదిది, లేత వేరు కదిలితే కోలుకోదు. ఎక్కడ కాయాలో అక్కడే మొలవాలి. నర్సరీలో మొలకెత్తిన బఠాణీ మొక్కలను ట్రేలలో అమ్ముతుంటే కొని తెచ్చుకుంటున్నారు, అది నాకు అర్థం కాదు. పది రోజులు గింజ వైపు చూసే ఓపిక లేకపోతే తర్వాత రెండు నెలలు ఎలా చూస్తారు?

నీళ్లు నిలవకూడదు. మన గుట్ట మీద మొరం కలిసిన ఎర్రమట్టి ఇందుకు బంగారం, నీరు దిగిపోతుంది. యూరియా చల్లేవాళ్లను చూశాను. వద్దు. బఠాణీ వేళ్లకు చిన్న చిన్న బుడిపెలు వస్తాయి, వాటిలో ఉండే రైజోబియం సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తాయి. యూరియా వేస్తే ఆ బుడిపెలు రావు, తీగ ఒట్టి ఆకుగా ఉబ్బిపోతుంది, పూయదు. మాగిన పశువుల ఎరువు ముందే కలుపుకుంటే చాలు. పంట అయిపోయాక తీగను మొదట్లో కోసి వేరును మట్టిలోనే వదిలేయండి, వచ్చే పంటకు అది పనికొస్తుంది.

ఇప్పుడు తీగకు ఊతం విషయానికి వస్తాను. నేటి తోటల్లో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఆ ఇనుప కమ్మీ. పాకే మొక్క అనగానే వెల్డింగు వాణ్ని పిలిచి, పౌడర్ కోటింగ్ వేయించి, బొటనవేలు లావు గొట్టాలతో ఒక చట్రం నిలబెడుతున్నారు. చూడటానికి బాగుంటుంది. బఠాణీ దాని దగ్గరికి వచ్చి, తడిమి, పట్టు దొరక్క కింద పడుతుంది. కారణం మొక్కలోనే ఉంది. చిక్కుడు తన కాండాన్నే గుంజ చుట్టూ మెలితిప్పుకుంటూ ఎక్కుతుంది, అందుకే దానికి వెదురు గుంజ లావైనా ఫరవాలేదు. బఠాణీ కాండం మెలితిరగదు. దాని ఆకు చివరి రెబ్బలే సన్నని నులితీగలుగా మారి దేన్నైనా చుట్టుకుంటాయి. దారం లాంటిది పట్టుకోగలవు, పెన్సిలంత పుల్లను పట్టుకోగలవు. అంతకు మించి లావైతే వాటి చేతికి చాలదు.

దీనికి మన దగ్గర కందికట్టెకు మించినది లేదు. కంది కోసి గింజ రాల్చాక మిగిలే ఎండు కట్టెలకు అడుగు నుంచే సన్నని రెమ్మలుంటాయి, ఒక్కొక్క రెమ్మా నులితీగకు పట్టుకొమ్మ. మా రోజుల్లో వికారాబాద్, తాండూరు వైపు నుంచి బండ్ల మీద కట్టలు కట్టలుగా వచ్చేవి, పొయ్యిలోకీ, తట్టలల్లడానికీ, కూరగాయల పాదులకు ఊతంగానూ. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పప్పుకు పేరొచ్చింది కానీ, ఆ కట్టె జూబ్లీహిల్స్‌లో అడుగుపెట్టడం మానేసింది. ఇంటికి అందం పోతుందని సెక్యూరిటీ వాళ్లు గేటు దగ్గరే ఆపుతారట. పత్తి కట్టె అయినా పనిచేస్తుంది. అవేవీ దొరక్కపోతే ఆ ఇనుప చట్రానికే జనపనార పురి నిలువుగా, జానెడుకొకటి కట్టండి. బఠాణీ దాన్ని వదలదు. ప్లాస్టిక్ వల కట్టకండి, పంట అయ్యాక ఎండిన తీగను దాన్నుంచి విడదీయడం కుదరదు, మొత్తం చెత్తలోకి పోతుంది. కందికట్టె అయితే తీగతో కలిపి ఎరువు గుంతలో వేసేయవచ్చు.

మొలకలకు ఇక్కడ శత్రువులు ఎక్కువ. పావురాలు లేత చివుళ్లు తుంచేస్తాయి. ఉడతలు గింజే తవ్వుకుపోతాయి. 1998లో జాతీయ ఉద్యానవనమైన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కు పక్కనున్న ఇళ్లకైతే నెమళ్లు వస్తాయి, ప్రహరీ దిగి పాదంతా గీరి పోతాయి. నెమలిని తరమడం నాకిష్టం లేదు, ఈ గుట్ట మనకంటే ముందు వాటిది. మొలక జానెడు లేచేదాకా పైన పాత చీర పరిస్తే సరిపోతుంది. పేనుబంక పడితే వేపనూనె, సబ్బు నీళ్లు. జనవరిలో రాత్రి మంచు, పగటి పొడి గాలి కలిసి ఆకు మీద బూడిద తెగులు తెస్తాయి. నీళ్లు పొద్దున పూట మొదట్లోనే పోయాలి, ఆకు తడపకూడదు. తెగులు కనబడగానే పుల్లటి మజ్జిగ పల్చగా చేసి చల్లడం మా ఇంట్లో వాడుక, ఇప్పటికీ అదే చేస్తాను.

కాయ రావడం మొదలుపెట్టాక రోజు విడిచి రోజు కోయాలి. ముదరనిస్తే తీగ తన పని అయిపోయిందనుకుని పూయడం ఆపేస్తుంది. కాయ నిండుగా ఉబ్బి, ఇంకా మెరుస్తూ ఉన్నప్పుడు కోసి, తొడిమ తుంచి రెండు పక్కలా పీచు లాగేయాలి. తినగలిగినన్ని అక్కడే తినాలి. మిగిలినవి పోపు గింజలు చిటపటలాడిన నూనెలో రెండు నిమిషాలు తిప్పి, పచ్చికొబ్బరి కోరు వేసి దించాలి. ఈ కాయను ఉడకబెట్టినవాళ్లకు నేను ఇంకో కాయ ఇవ్వను.

ఇంతకీ నా అసలు మొర విత్తనం గురించి. మా రోజుల్లో విత్తనం కొనడమంటే ఒక రకంగా నామోషీ. మొదటి గుత్తిలో కాసిన బలమైన కాయలకు దారం కట్టి, ఎవరూ కోయకుండా, పిల్లలకు ముందే చెప్పి, తీగ మీదే ఎండనిచ్చేవాళ్లు. నీడన ఆరబెట్టి, పుచ్చు పట్టకుండా బూడిదలోనో వేపాకులోనో కలిపి సీసాలో దాచేవాళ్లు. వచ్చే ఏడు అందులోంచే గింజ. మిగిలినవి పక్కింటికి, ఊరి నుంచి వచ్చిన చుట్టాలకు. కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టు ఇంట్లో కాసిన పొట్ల గింజ ఫిల్మ్‌నగర్‌లో నిర్మాత ఇంటి పందిరి ఎక్కేది. వాళ్లమధ్య సెట్లో ఉన్న దూరం పెరట్లో ఉండేది కాదు. ఇప్పుడు విదేశీ బొమ్మ ఉన్న ప్యాకెట్ కొంటున్నారు. లోపల వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని గింజలు. పంట తీసి కాయలన్నీ తినేసి, వచ్చే ఏడు మళ్లీ అదే ప్యాకెట్.

బఠాణీకి ఇలా ఏటా విత్తనం కొనడం ఏ మాత్రం అవసరం లేదు. దాని పువ్వు విచ్చుకోకముందే లోపల పరాగసంపర్కం అయిపోతుంది. పక్కన ఇంకో రకం పెంచినా విత్తనం దాదాపుగా కల్తీ కాదు. గ్రెగర్ మెండెల్ 1866లో అనువంశికత మీద తన వ్యాసం అచ్చువేయడానికి ముందు, ఏళ్ల తరబడి మఠం తోటలో బఠాణీనే పెంచడానికి ఒక కారణం ఇదే. తొమ్మిదో క్లాసో పదో క్లాసో చదివిన ప్రతి పిల్లవాడికీ పొడుగు మొక్క, పొట్టి మొక్క పటం నోటికొచ్చు. పరీక్షలో మార్కులు వచ్చాయి. ఆ మొక్క ఒక్కటంటే ఒక్కటి బడిలో నాటించిన మాస్టారు నాకు ఈమధ్య తారసపడలేదు. మన పిల్లలు బఠాణీ గురించి చదివేది ఎక్కువ, బఠాణీని చూసేది తక్కువ.

చెయ్యాలనుకున్నవాళ్లకు దారి లేకపోలేదు. కథారచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు నగర శివార్లలో నారపల్లిలో తన మిద్దె మీదే కూరగాయలన్నీ పండించి, మిద్దెతోట అన్న మాటను తెలుగు ఇళ్లకు అలవాటు చేశారు. ఆయనను చూసి గింజలు పంచుకునే మనుషులు ఈ నగరంలో చాలామంది తయారయ్యారు. 2020 లాక్‌డౌన్‌లో నటి సమంత తన ఇంట్లో మొలకల ఆకుకూరలు పెంచి జనానికి చూపించారు. చిరంజీవి గారు తమ పెరట్లో ఆనప విత్తు నాటి కాయించిన సంగతి చెప్పుకుని మురిసిపోయారు. వాళ్ల మాట వింటారు జనం, అది మంచిదే. అయినా ఈ విషయంలో నేను చూపించదలచింది వాళ్లను కాదు. ఫిల్మ్‌నగర్ బస్తీలో రేకుల ఇళ్ల మీద ఇప్పటికీ చిక్కుడు పాకుతూ కనబడుతుంది. నేల లేదు, డబ్బాలో పిడికెడు మట్టి వేసి, విద్యుత్ తీగలకు తగలకుండా తాడు కట్టి, ఏడాదికేడాది అదే విత్తనం నిలబెట్టుకుంటున్నారు. వాళ్ల నీళ్లు ట్యాంకరు నీళ్లే. వందల గజాల ఖాళీ స్థలం, బోరుబావి, తోటమాలి ఉన్న ఇంటికి వీలు కాదంటే నేనెలా నమ్మను?

మా పక్కింటి కోడలు పోయిన అక్టోబరులో అడిగింది. "తాతగారూ, మా పాప స్కూల్లో బఠాణీ మొలక పట్టుకు రమ్మన్నారు, నర్సరీలో లేవంటున్నారు" అని. ఇంట్లో దాచిన గింజలు గుప్పెడు తీసి పాప చేతిలోనే పోశాను. మొలక బడికి వెళ్లింది. మిగిలిన గింజలు ఆ ఇంటి ప్రహరీ వెంట, లాన్ అంచు తవ్వి పెట్టారు. కందికట్టెలకు బదులు మామిడి ఎండు కొమ్మలు గుచ్చారు. సంక్రాంతికి ఆ పాప తీగ దగ్గర నిలబడి కాయలు తినేది, ఎవరు పిలిచినా లోపలికి వచ్చేది కాదు. ఆ ఇంటి లాన్ ఇంకో అడుగు తగ్గిస్తామని ఇప్పుడు వాళ్లే అంటున్నారు.

కాబట్టి ఒక్క మాట. ఈ ఏడు దసరా అయ్యాక ఇంటికి ఒక మూరెడు నేల, లేకపోతే అడుగు లోతున్న రెండు కుండీలు, ఖాళీ చేయండి. తొక్కతో తినే బఠాణీ విత్తనం తెచ్చి మీ చేత్తో మీరే పెట్టండి. నాలుగు ఎండు రెమ్మలు గుచ్చండి. మొదట పట్టిన కాయల్లో పది కాయలకు దారం కట్టి విత్తనానికి వదిలేయండి, అవి ఎండాక అందులో సగం పక్కింటికి ఇవ్వండి. నాటకుండా కార్తీకం దాటిపోతే మాత్రం మళ్లీ దసరా దాకా ఆగాల్సిందే. మార్చి ఎండకు ఈ గుట్ట మీద బఠాణీ నిలవదు.